రెండోసారి చెప్పిన ఆఠీను

మాస్టారు పోయారన్న కబురు నాకు మూడు గంటలు ఆలస్యంగా తెలిసింది. అచ్యుతాపురంలో నేను పనిచేసే మందుల కంపెనీ ల్యాబులోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మధ్యాహ్నం షిఫ్టు దిగి లాకరు తీస్తే బెల్లం కొట్టు షావుకారు గారి మిస్డ్ కాల్స్ ఏడు కనిపించాయి. తిరిగి చేస్తే ఆయన హలో కూడా అనలేదు. "అయిపోయిందమ్మా. మీ పార్ట్‌నర్ ఎలిపోయేరు," అన్నారు. కంపెనీ బస్సులో అనకాపల్లి దాకా నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

మా అమ్మ చేపలమ్ముతుంది. చిన్నప్పుడు సెలవురోజుల్లో బుట్ట వెనకాల నేనూ మాస్టారి వీధికి వచ్చేదాన్ని. అమ్మ బేరమాడుతుంటే ఆయన చేపని వదిలేసి నా నోటుబుక్కు చూసేవారు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. తప్పు చేస్తే చెప్పేవాళ్లు లేరు. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయన, ఇంటర్ రెండేళ్లూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివించారు. తప్పు కొట్టేసేవారు కాదు. దాని పక్కన చిన్న చుక్క పెట్టి, "ఇక్కడ ఏమనుకున్నావో చెప్పు," అనేవారు.

బ్రిడ్జి పేకాట ఆ తర్వాత వచ్చింది. షావుకారు గారి బెల్లం కొట్టు మేడమీద ఆదివారాలు నలుగురు ఆడేవారు: మాస్టారు, షావుకారు గారు, పోస్టాఫీసులో రిటైరైన పెద్దాయన, ఇంకొకరు. ఆ ఇంకొకరికి చూపు మందగించి కుర్చీ ఖాళీ అయితే మాస్టారు నన్ను తీసుకెళ్లారు. విషయం తెలిసి అమ్మ బుట్టతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటి మేస్టారూ, సదువు సెప్తారని పంపితే ఆడపిల్లకి పేకాట నేర్పుతారా?"

"ఇందులో డబ్బు పెట్టరమ్మా. దీనికి లెక్కలు రావాలి, అబద్ధాలు రాకూడదు. నీ కూతురు రెండింటికీ సరిపోయింది."

అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే నాను పనికిరాను," అని నవ్వేసి వెళ్లిపోయింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జట్టు. ముక్కలు వేసే ముందు, ఏ రంగు తురుపుగా ఉన్న పదమూడు పట్లలో ఎన్ని గెలవగలమో వంతులవారీగా చెప్పాలి. చెప్పిన అంకెకి ఆరు కలుపుకోవాలి: ఒకటంటే ఏడు పట్లు, రెండంటే ఎనిమిది. మొహంతో, కళ్లతో సైగ చేయకూడదు. చేతిలో ఏముందో పార్ట్‌నర్‌కి ఆ కొద్ది మాటల్లోనే తెలియాలి. ఇప్పుడు చాలామంది ఆఠీను గానీ ఇస్పేటు గానీ అయిదు ముక్కలుంటే తప్ప ముందుగా దాని పేరెత్తరు. మాస్టారు పాతకాలపు మనిషి. నాలుగుంటే చెప్పేసేవారు.

"ఆ నాలుగు ముక్కల పద్ధతి మీతోనే పోద్ది బావా," అని షావుకారు గారు ఏడిపించేవారు. "ఊరంతా అయిదు లేందే నోరిప్పడం లేదు."

"అయిదు వచ్చేదాకా ఆగితే సగం ఆట నోరు మూసుకునే కూర్చోవాలి బావా," అనేవారు మాస్టారు.

ఆ పద్ధతిలో కష్టమంతా పార్ట్‌నర్‌దే. ఎదురుగా కూర్చున్న తన జట్టు మనిషి ఒక్కసారి ఆఠీను అంటే నాలుగే ఉన్నాయని జాగ్రత్తగా ఉండాలి. మళ్లీ ఆఠీనే అంటే అయిదో ఆరో ఉన్నాయని నమ్మి ముందుకెళ్లాలి. "రెండోసారి చెప్పింది ఊరికే చెప్పరు," అనేవారు మాస్టారు. ఇది నాకు నోటికి వచ్చు.

నోటికి రావడం వేరు. కిందటేడు విశాఖపట్నంలో జంటల పోటీకి వెళ్లాం. చివరి ఆటలో మాస్టారు ఒక ఆఠీను అన్నారు. నేను ఒక ఇస్పేటు అన్నాను. ఆయన రెండు ఆఠీన్లు అన్నారు. నా చేతిలో ఆఠీను రాజు ఉన్నాడు, పక్కన ఇంకో చిన్న ముక్క, మిగతా రంగుల్లోనూ బలం ఉంది. అయినా నాకు భయమేసింది. ఇంకేం చెప్పాలో తోచక మళ్లీ అదే అన్నారేమో అనుకుని పాస్ అన్నాను. ఆయన పది పట్లు గెలిచారు. మేం ఒప్పుకున్నది ఎనిమిదే. అవే ముక్కలతో మిగతా బల్లల మీద పది దాకా ఒప్పుకున్నవాళ్లు మమ్మల్ని దాటిపోయారు.

తిరుగు బస్సులో నేను ఏడుపు మొహంతో కూర్చుంటే, "రెండోసారి చెప్పేను కదమ్మా," అన్నారు, అంతే. వెనక సీట్లలో, పోటీకి వచ్చిన కశింకోట వాళ్ల మాటల గోల కాస్త తగ్గాక, మళ్లీ ఆయనే అన్నారు: "ఈమధ్య తిన్నాక కడుపులో పట్టేసినట్టుంటోంది."

"గ్యాసేమో మాస్టారూ," అన్నాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, మెట్లు దిగుతూ, గోడ పట్టుకుని ఆగారు. "ఆ కడుపు నొప్పి తగ్గలేదమ్మా," అన్నారు. నాకు షిఫ్టు బస్సుకి టైమవుతోంది. సంచి భుజానికి తగిలించుకుంటూ మాత్ర పేరు చెప్పాను. రోజూ ల్యాబులో మాత్రలు పరీక్షించేదాన్ని, ఆ మాత్రం చెప్పగలననుకున్నాను. పెద్దవాళ్లు నొప్పుల గురించి మళ్లీ మళ్లీ అంటూనే ఉంటారు కదా అని కూడా అనుకున్నాను. ఆయన తలూపారు. మూడోసారి చెప్పలేదు.

పేగులో గడ్డ అని బయటపడేసరికి కాలేయానికి పాకింది. రెండు నెలల ముందు తెచ్చుంటే కోసి తీసేవాళ్లమన్నాడు డాక్టరు. రెండు నెలల ముందంటే ఆ మెట్ల మీద. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఈ మాట ఆయనతో చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను. ఆయన ఎప్పట్లా, "ఇక్కడ ఏమనుకున్నావో చెప్పు," అని అడుగుతారని భయపడ్డాను. అడగలేదు.

దినకార్యాలయ్యాక ఆదివారం షావుకారు గారు రమ్మన్నారు. మేడ ఎక్కితే ఎప్పటి బెల్లం వాసనే. అలవాటుగా ముక్కలు కలిపి నాలుగు వైపులా పంచేశారాయన. పంచాక తెలిసింది. ముగ్గురం మా ముక్కలు తీయకుండా కూర్చున్నాం. అప్పుడు చెప్పాను, బస్సు సంగతీ, మెట్ల సంగతీ.

పోస్టాఫీసు పెద్దాయన తల దించుకున్నారు. షావుకారు గారు అన్నారు: "నలభై ఏళ్ల సావాసం అమ్మా మాది. నాతో ఒక్కసారైనా సెప్పలేదు."

ఆయన ఓదార్పుగా అన్నారో, నిష్ఠూరంగా అన్నారో నాకు తెలియదు.

మాస్టారి ముక్కలు తీసేద్దామని చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. పార్ట్‌నర్ ముక్కలైనా ముట్టుకోకూడదని మొదటిరోజే చెప్పారాయన. ఖాళీ కుర్చీ ముందు పదమూడు ముక్కలు బోర్లా ఉన్నాయి. ఫ్యాను గాలికి పైముక్క అంచు కొద్దిగా లేచింది. రంగు కనబడేంత లేవలేదు. పడిపోయి, మళ్లీ లేచింది.