లారెన్స్ ద్వీపకల్పం, ఖాదర్ అంకుల్

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మా పెరటి తలుపు తీయగానే దక్షిణపు చలిగాలి చెంప ఛెళ్లుమనిపించింది. "పెంగ్విన్లు పంపించినాయి మ్మా ఈ గాలిని" అనే ఖాదర్ అంకుల్ మాట వెంటనే గుర్తొచ్చింది. ఆయన కడప మనిషి, మెల్‌బోర్న్‌లో నా మొదటి బాస్. పటాలను కంప్యూటర్‌కెక్కించే పనిలోనే జుట్టు నెరిసింది.

వై టూ కే భయం పుణ్యమా అని నాలాంటి వాళ్లకు పిలిచి ఉద్యోగాలిచ్చిన రోజులవి. తీరా రెండు వేల సంవత్సరం వచ్చాక కంప్యూటర్లేవీ కూలలేదు, మా కాంట్రాక్టులే ఒక్కొక్కటిగా కూలాయి. నాది ఆ నెలాఖరుదాకా. అది పోతే వీసా కూడా పోయినట్టే. అప్పుడు నా చేతిలో ఉన్నది ఆస్ట్రేలియా పటాలను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని. అందులో హెర్డ్ ద్వీపం ఒకటి. అంటార్కిటికా దారిలో, ఎవరూ కాపురముండని మంచుకొండ. దాని వాయవ్యాన సన్నటి మెడలాంటి నేలతో అతుక్కుని ఉంటుంది లారెన్స్ ద్వీపకల్పం. అంత సన్నటి నేలను కొత్త ప్రోగ్రామ్ లెక్కచేయక తీసిపారేసింది. తెరమీద ద్వీపకల్పం విడి దీవిగా తేలింది. పెద్ద మేనేజర్ అది చూసి, "కంప్యూటర్ చెబుతోందిగా, పేరు లారెన్స్ దీవి అని మార్చేయండి" అన్నాడు.

నేను తలూపేదాన్నే. అంకుల్ నన్ను పాత పటం ముందు కూర్చోబెట్టారు.

"గీతలు తర్వాత చూద్దువు. ఫస్ట్ పేర్లు చదువు మ్మా. ఆ మెడ మీద ఏముండాది?"

"నల్లార్బర్ అని ఉంది అంకుల్. అది ఇక్కడి పెద్ద మైదానం కదా? పొద్దస్తమానం కారు నడిపినా చెట్టు కనపడదంటారు."

"ఆ, అదే. ఇక్కడా చెట్టు లేదు, అంతా చదును. నడిచినోళ్లు తమాషాకి పెట్టుకున్నారు ఆ పేరు. నీళ్లకి ఎవరైనా మైదానం పేరు పెడతారా? ఈ ఆర్వో, అదే మధ్యాహ్నం, మీటింగ్‌లో నువ్వే చెప్పు."

"నా కాంట్రాక్ట్ అంకుల్..."

"యూ ఆర్ రైట్, సునీతా, ఏం కాదులే. నేను పక్కనే ఉంటా. చెప్పు."

మధ్యాహ్నం మీటింగ్‌కి పాత పటం చంకన పెట్టుకుని వెళ్లాను. నా వంతు రాగానే లేచాను. అది దీవి కాదనీ, మనుషులు నడిచి పేరు పెట్టిన నేల మా ప్రోగ్రామ్‌లో జారిపోయిందనీ చెప్పాను. మేనేజర్ పాత పటం మీద నల్లార్బర్ అన్న పేరు చదివి, పెద్దగా నవ్వేశాడు.

"సరే, పేరు జోలికెళ్లొద్దు. ప్రోగ్రామ్ సరిచేయండి. ఎవరు చేస్తారు?"

"సునీత" అన్నారు అంకుల్, నేను నోరు తెరిచేలోపే. "ముందు ఆ అమ్మాయి కాంట్రాక్ట్ పొడిగించండి."

పొడిగించారు. వారం తిరక్కుండానే తెరమీద ఆ మెడ మళ్లీ కనిపించింది. ఆఫీసని కూడా చూడకుండా ఈల వేశాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు.

అంకుల్ ఇప్పుడు లేరు. "సిస్టమ్ అలాగే చూపిస్తోంది" అని ఎవరైనా చేతులు దులుపుకుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఎంత పెద్దవాళ్లయినా సరే, లేచి కాదని చెబుతాను. ఆ ధైర్యం ఆయన పెట్టిన భిక్షే. దాంతో నేను మొదట గెలిచింది, జన్మలో కాలు పెట్టని ఒక నేల కోసం. లారెన్స్ ద్వీపకల్పం పటంలో ఈ రోజుకీ ద్వీపకల్పమే.