తడి ఆరని రాతి గోడ

కోవిడ్ ఆంక్షలు సడలిన ఏడాది, సింగపూర్‌లో నేను పనిచేసే సంస్థ నన్ను లీకేజీ విభాగంలో సీనియర్ ఇంజనీరుగా వేసింది. నీళ్లు ఎక్కడినుంచి కారుతున్నాయో కనిపెట్టి, ఏ పూత వేయాలో రాయడం నా పని. సంతకం మాత్రం పై అధికారి, ప్రిన్సిపల్ ఇంజనీరుది. కారే నీళ్ల విషయంలో నాకు తిరుగులేదనుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇంగ్లండు పల్లెలోని ఒక పాత రాతి ఇల్లు ముప్పుతిప్పలు పెట్టింది.

ఇల్లు మా సంస్థను ఆశ్రయించిన సరోజగారిది. మలేషియాలో పుట్టిన తెలుగావిడ, సింగపూర్‌లోనే చోవా చూ కాంగ్‌లో ఉండేవారు. చనిపోయిన భర్త పుట్టి పెరిగిన ఆ ఇంట్లో మిగతా జీవితం గడపాలని ఆవిడ కోరిక. కానీ ఆవిడకు ఆస్తమా. గోడలు ఆరేదాకా అక్కడ కాపురం వద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

డ్రాయింగులు చూసి తల పట్టుకున్నాను. స్తంభాల్లేవు, బీముల్లేవు, పునాది అంతంతమాత్రం. రెండడుగుల మందం గోడ: లోపలొక వరస, బయటొక వరస రాళ్లు, మధ్యలో రాతిముక్కలు, మట్టి, సున్నం. నేల తేమ పైకెక్కకుండా ఆపే అడ్డుపొర కూడా లేదు. అది నిలబడి ఉండటమే నాకు వింత. సరోజగారు బయట సిమెంటు పూత వేయించాక తడి తగ్గకపోగా పెరగడం మరీ వింత.

మరో పూత రాసి పంపెయ్యమన్నాడు మా అధికారి. నేనూ అదే రాయబోయాను. ఆలోపు సరోజగారు వీడియోకాల్ చేశారు. మలేషియా, సింగపూర్‌వాళ్ల అలవాటు ప్రకారం ఆవిడా మాట చివర 'లా' తగిలిస్తారు.

"అమ్మేయమంటే అమ్మేస్తా లా, తమ్ముడూ. ఎందుకు తడుస్తుందో తెలీకుండా ఎట్లా అమ్మేది?"

నాకూ తెలియదు. సిగ్గేసింది.

అక్కడి పక్కింటాయన చేత తేమ మీటరు ఆనించి ప్రతి గోడా కొలిపించాను. భర్త చిన్నప్పుడు పేరు చెక్కుకున్న రాయి కనబడాలని, వెనక గోడకు మాత్రం ఆవిడ పూత వేయనివ్వలేదట. వాన నేరుగా కొట్టేది దానికే. పొడిగా ఉన్నదీ అదొక్కటే! మీటరు పాడైందన్నాను. ఇంకోటి తెప్పించాను. అదీ అదే చెప్పింది. మతిపోయినట్టు తిరిగాను.

చివరికి తట్టింది. వెనక గోడ పీల్చుకున్న తడిని రాళ్ల సందుల్లోని సున్నం గాలికి వదిలేస్తోంది. మిగతా గోడలకు ఆ దారిని సిమెంటు మూసేసింది. వాన పగుళ్లలోంచి దిగుతోంది, నేల తేమ పైకెక్కుతోంది, రెండూ బయటికి పోలేక లోపలే ఉండిపోతున్నాయి.

సిమెంటు చెక్కించి, సందుల్లో సున్నం నింపించమని రాశాను. పూత తీసేయమని మా విభాగం రాయడం అదే మొదటిసారి. అధికారి రెండుసార్లు చదివి, ఒంట్లో బాగానే ఉందా అని నన్నడిగి, సంతకం పెట్టాడు.

గోడలు ఆరడానికి రెండు చలికాలాలు పట్టింది. సరోజగారు ఇప్పుడు అక్కడే ఉంటున్నారు. అంత తడి అంత సన్నని సందుల్లోంచి ఎలా పోయిందో నాకిప్పటికీ పూర్తిగా బోధపడలేదు. నిరుడు రిటైరయ్యేదాకా మాత్రం, నీళ్లు ఎటు పోతున్నాయో చూడకుండా ఏ గోడకూ పూత రాయలేదు.