అవునప్పా అనే అలవాటు

మొన్న కుప్పంలో అక్క ఇంటికి పోయినప్పుడు, కాలేజీలో చదివే అక్క కూతురు నా పక్కన చాప మీద కూర్చుని ఫోను తీసింది. క్లాసులో అందరూ ఇంటి పెద్దల్ని కొన్ని ప్రశ్నలు అడిగి రాసుకురావాలట.

"మామా, నీకు ఇష్టమైన పాట ఏది? ఏ చానలు నచ్చుతాది? ఏ పార్టీ అంటే ఇష్టం?"

"నీకేది బాగుంటే అది రాసుకోమ్మా" అన్నాను.

"నీ ఇష్టం అడుగుతాంటే నా ఇష్టం యాల రాయాల?" అని కసిరింది. రేపు ఫోన్ చేసి చెబుతానని తప్పించుకున్నాను. పుంగనూరు బస్సులో కూర్చున్నాక కూడా ఏ పేరూ తట్టలేదు. తట్టనందుకు బాధ కూడా కలగలేదు. అందుకే కొంచెం భయమేసింది.

పుంగనూరులో నాది సెలూను. ఇరవై ఏళ్ళుగా మంది గడ్డాలు గీస్తున్నాను. మా నాయన పొద్దున గడ్డాలు గీసి, ముహూర్తాల రోజుల్లో పెళ్ళిళ్ళకు నాదస్వరం వాయించేవాడు. "నోట్లో పీక ఉన్నంతసేపు ఎవుడికీ జవాబు సెప్పే పనిలేదురా, అందుకే నాకు వాయిద్యం ఇష్టం" అనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని కూడా ఆయనే నేర్పాడు. కత్తి కింద మెడ పెట్టినవాడితో వాదించేవాడి దుకాణానికి రెండోసారి ఎవడొస్తాడు? అందుకని నేను కత్తి పట్టడం కన్నా ముందు "అవునప్పా" అనడం నేర్చుకున్నాను.

మా దుకాణంలో ఒక చట్టం ఉంది. కుర్చీలో కూర్చున్నవాడిదే రిమోటు. పొద్దున ఒక పార్టీ ఆయన వస్తాడు, వాళ్ళ చానలు పెడతాడు. రాష్ట్రమంతా బంగారం. "సూస్తివా?" అంటాడు. అవునప్పా అంటాను. ఆయన మొహం తుడుచుకుని పోయేలోపే ఇంకో పార్టీ ఆయన కూర్చుంటాడు, ఆ చానలు తీసేసి ఇంకోటి పెడతాడు. అదే రాష్ట్రం, అరగంటలో బూడిద. "నాశనం సేసిరి కదప్పా" అంటాడు. దానికీ అవునప్పానే. మొదట్లో లోపల కుతకుతలాడేది. ఇంటికి పోయి నా భార్య ముందు ఆ టీవీల వాళ్ళ నోళ్ళు పడిపోనూ అని శాపనార్థాలు పెట్టేవాణ్ణి. తర్వాత అదీ పోయింది. పోయినసారి ఓటు వేసి బయటికొచ్చి, వేలి మీద సిరా చూసుకుంటూ, ఎవరికి వేశానా అని ఒక్క నిమిషం ఆలోచించాల్సి వచ్చింది.

పాటల సంగతీ అంతే. జాతరలో డీజే వాళ్ళు వాయించేది పాట కాదు, గుండెకాయను రోట్లో వేసి దంచడం. నాదస్వరం వాయించేవాడి కొడుకుని, ఆ మాట అనే హక్కు నాకుంది. కానీ కుర్చీలో కుర్రాడు ఫోనులో అదే చూపించి "ఎట్లుండాదన్నా?" అంటే, "బాగుండాదప్పా" అంటాను. ఏం పోయింది నా సొమ్ము!

కాదు అని నేను అనే చోటు ఒక్కటే ఉండేది. అది మా దుకాణం తెరిచాక మొదటి గంట.

రోడ్డుకు అవతల ఒక టైలరు ఉన్నాడు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నేను భాయ్ అంటాను. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడతాడు, కానీ వద్దు అనాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎవరితోనైనా "నక్కో" అనే అంటాడు. టీలో చక్కెర నక్కో. టీవీ నక్కో. పార్టీలు రెండూ నక్కో. గిరాకీ రాకముందు నా దుకాణంలో బెంచీ మీద కూర్చుని టీ తాగేవాడు. మదనపల్లెలో కొన్న చిన్న స్పీకరు ఒకటి తెచ్చి నా అద్దం పక్క మేకుకు తగిలించాడు. రోజూ పొద్దున నా పాట ఒకటి, ఆయన పాట ఒకటి. అదీ ఒప్పందం.

నాకు నిదానంగా సాగే పాత పాటలు ఇష్టంగా ఉండేవి. ఆయనకు నిన్నా మొన్నా వచ్చిన దరువు పాటలు. "నక్కో అప్పా, నీ పాట ఇంటే నా సూదికి నిద్ర వస్తాది" అనేవాడు. "మిషను తొక్కేవాన్ని, కాళ్ళు ఆడాల గదా!" అనేవాడు.

"నీ పాట ఇంటే నా కత్తి ఎవుడి సెవినో కోసేస్తాది భాయ్. అది పాట కాదు, చెత్త" అనేవాణ్ణి.

"నీకేం తెలుసు?"

"నీకేం తెలుసు?"

టీ చల్లారేదాకా అరుచుకునేవాళ్ళం. ఆ గంట నాకు ప్రాణం లేచి వచ్చేది.

శుక్రవారం ఆయన మధ్యాహ్నం నమాజుకు ముందు గడ్డం సరిచేయించుకుంటాడు. రెండు నెలల కిందట ఒక శుక్రవారం బెంచీ మీద పేపరు చదువుతూ తన వంతు కోసం కూర్చున్నాడు. కుర్చీలో చౌడేపల్లె వైపు ఆవులు పెట్టుకున్న ఆసామి. టీవీలో నలుగురు కొట్టుకుంటున్నారు. ఆసామి చెడ్డవాడేం కాదు. టీవీ చూస్తూ చూస్తూ, "ఈ సాయిబుల్ని నమ్మేకి ల్యాదప్పా. మన ఊర్లోనే ఉంటారు గానీ మనోళ్ళు కారు" అన్నాడు.

నేను చెవి కింద కత్తి పెట్టి ఉన్నాను. "అవునప్పా" అన్నాను.

అన్నానని కూడా నాకు తెలియలేదు. నిజంగా. ఆసామి లేచాక కుర్చీ మీద గుడ్డ దులిపి, "రా భాయ్" అని తిరిగాను. బెంచీ ఖాళీగా ఉంది. పేపరు మడిచి పెట్టి ఉంది. అప్పుడు నా మాట నా చెవిలో పడింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కూడా కాదు. అలవాటు. వెంటనే రోడ్డు దాటి పోవాల్సింది. ఇంకో గిరాకీ వచ్చి కూర్చున్నాడు, ఆయన గడ్డానికి నురగ పూశాను. మరుసటి రోజు పోదామనుకున్నాను. ఎనిమిది శుక్రవారాలు పోయాయి. ఆయన గడ్డం నీటుగానే ఉంటోంది. గుడ్డలు తెచ్చుకునేందుకు మదనపల్లె పోయినప్పుడు అక్కడే చేయించుకుంటున్నాడని ఎవరో అన్నారు. పొద్దున ఒక్కణ్ణే టీ తాగుతాను. స్పీకరు మేకుకే ఉంది. నా పాట నేను పెట్టుకోవచ్చు, ఎవరూ వద్దనరు. పెట్టబుద్ధి కాదు.

కుప్పం నుంచి వచ్చిన మరుసటి పొద్దున దుకాణం తెరిచి, రోడ్డు దాటాను. నాకేది ఇష్టమో తెలిసిన మనిషి ఆయనొక్కడే కదా.

ఆయన మిషను మీద ఉన్నాడు. తల ఎత్తలేదు.

"భాయ్, ఆ పొద్దు నేనన్న మాట నాది కాదు. నోటికి అలవాటు పడింది. నా మనసులో ల్యాదు" అన్నాను.

"అవునప్పా" అన్నాడు. మిషను ఆగలేదు.

"తిట్టు భాయ్. నాలుగు పీకు, పడతాను. గమ్మునుండొద్దు."

"అవునప్పా."

నేను గిరాకీలతో అనే గొంతే అది. మర్యాదగా, మెత్తగా, ఎవరూ లేని గొంతు. బయటినుంచి వింటే ఎలా ఉంటుందో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు.

చివరికి మా పాత గొడవే ఎత్తుకున్నాను. ఒక్క నక్కో అంటే చాలు, పడి ఉంటాను అనుకున్నాను.

"నువ్వు రోజూ పెడతాంటివే ఆ దరువు పాట, అది ఒట్టి చెత్త భాయ్. సంగీతం తెలిసినోడు ఎవుడూ ఇనడు. అవునా, కాదా?"

ఆయన మిషను ఆపాడు. కుట్టు చివర దారం పళ్ళతో కొరికి, గుడ్డను తిప్పి చూసుకున్నాడు.

"అవునప్పా" అన్నాడు.

రోడ్డు దాటి వచ్చేశాను. కుర్చీలో అప్పటికే ఎవరో ఒకాయన కూర్చుని రిమోటు నొక్కుతున్నాడు.