గోడమీది జనరల్

నిన్న సాయంత్రం జగదల్‌పూర్‌లో మా డాబా మీద వడియాలు ఎత్తుతుంటే హెలికాప్టర్ ఒకటి తలమీదుగా దక్షిణానికి పోయింది. బస్తర్‌లో అదేమంత వింత కాదు, పని ఆపి చూసేవాళ్ళు కూడా లేరిప్పుడు. నేను మాత్రం పిట్టగోడ దగ్గర కూర్చుని రైలు లైను వైపు చూస్తున్న మా అన్నయ్యను చూశాను. తల ఎత్తలేదు. ఆకాశంలో చప్పుడైతే చాలు, ఒకప్పుడు అన్నం ముందునుంచి లేచి పరుగెత్తిన మనిషి.

మా నాన్న కిరండోల్ గనుల రైలు లైన్లో ఇనుపరాయి బండ్లు నడిపే డ్రైవరు. శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. మేం ఏ పేటవాళ్ళమో తోటి తెలుగువాళ్ళు క్వార్టర్లలో దిగిన వారంలోనే ఆరా తీసేశారు, అలాంటి విషయాల్లో మనవాళ్ళ చురుకుదనం మీకు తెలియనిది కాదు. ఇంజనులో డ్రైవరూ అసిస్టెంటూ ప్రతి సిగ్నల్ రంగునూ బిగ్గరగా చెప్పుకోవాలి, ఒకరు గ్రీన్ అంటే రెండోవారు గ్రీన్ అని తిరిగి చెప్పాలి, అది నియమం. నాన్నతో వెళ్ళే అసిస్టెంటు డ్యూటీ మొత్తంలో ఆ రంగులు తప్ప మరో ముక్క మాట్లాడేవాడు కాదు, డ్యూటీ దిగిన డ్రైవర్లు తిని పడుకునే రన్నింగ్ రూములో నాన్న పక్కన కంచం పెట్టేవాడూ కాదు. నాన్న ఇంటికొచ్చి ఎర్రధూళి పట్టిన చొక్కా విడిచి, నీళ్ళు పోసుకుని, ప్రార్థన చేసుకుని పడుకునేవారు.

అలాంటి రోజుల్లో పాస్టరుగారు తెచ్చిన పాత పత్రికలో ఒక బొమ్మ కనిపించింది. అమెరికాలో నల్లజాతి సైనిక పైలట్, తర్వాత జనరల్ అయినవాడు. సైనిక విద్యాలయంలో నాలుగేళ్ళపాటు తోటివాళ్ళెవరూ డ్యూటీ మాట తప్ప ఆయనతో మాట్లాడలేదనీ, ఒంటరిగా తిన్నాడనీ, నల్లవాడికి విమానమెందుకని మొదట తిప్పి పంపినా చివరికి నల్లజాతి పైలట్ల దళానికే నాయకుడై యుద్ధం చేశాడనీ పాస్టరుగారు చదివి చెప్తుంటే, నాన్న కళ్ళు తుడుచుకోవడం మొదటిసారి చూశాను. ఆ బొమ్మ అన్నయ్య మంచం పైన గోడకెక్కింది. నాన్న దాన్ని చూపించి, "ఆల్లు మాటాడకపోతే మనకేటిరా? నోరు మూసుకొని నీ పని నువ్వు సేసుకో, పైకెల్తావు" అనేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా ఇంట్లో నోటికి అసలు పనే లేదు.

అన్నయ్య ఆ మాటను బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు. విమానం నడపాలన్నదొక్కటే వాడి లోకం. ఎయిర్‌ఫోర్స్ రాతపరీక్ష గట్టెక్కాడు, వయసు దాటిపోయేలోగా దొరికిన ఒకే అవకాశం అది. అమ్మ జంతికల డబ్బా కట్టి ఇంటర్వ్యూకి రైలెక్కించింది. అక్కడ కుర్రాళ్ళను గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక విషయమిచ్చి, వాదించుకోమన్నారట. అందరూ ఒకరిమీదొకరు పడి మాట్లాడుతుంటే మా అన్నయ్య నడుం నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ళమీద ఉంచి, గోడమీది జనరల్‌లా కూర్చున్నాడు. అధికారి స్వయంగా నువ్వూ చెప్పమంటే, యస్ సర్ అని ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, "మాటాడమన్నారు నాన్నా. ఓర్చుకోడం సూస్తన్నారనుకున్నాను" అన్నాడు. నాన్న లేచి వెళ్ళి, ప్రార్థన చేసుకుని పడుకున్నారు. ఆ నిశ్శబ్దం ఆయన పోయేదాకా మా ఇంట్లో ఉంది. అన్నయ్య రాయి పిండిచేసే ప్లాంటులో చేరాడు, ఆ రొదలో మాటతో అవసరమే లేదు. క్వార్టరు ఖాళీ చేసిన రోజు బొమ్మ తీస్తే, ఎర్రబడ్డ గోడమీద అంతమేర తెల్లగా మిగిలింది.

తన దళాన్ని యుద్ధం నుంచి తీసేయాలని పైవాళ్ళు చూసినప్పుడు ఆ జనరల్ పెద్దల ముందు నిలబడి, తనవాళ్ళ కోసం గట్టిగా మాట్లాడాడని ఎన్నో ఏళ్ళకు ఎక్కడో చదివాను. పాస్టరుగారి పత్రికలో ఆ సంగతి లేదు. అన్నయ్యకు నేను చెప్పలేదు, ఇప్పుడు చెప్పి ఏం లాభం?

కాలం మారింది. ఇంజనుల్లో ఇప్పుడు ఆడపిల్లలు కూడా ఉన్నారు, స్టేషన్లో ఆగితే పక్కవాళ్ళతో నవ్వుతూ కనిపిస్తారు, చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఆ సంతోషం మా ఇంటిదాకా రాదు. నిన్న హెలికాప్టర్ వెళ్ళిపోయాక ఇనుపరాయి బండి వచ్చింది, లైను మీద దీపం మారింది, అన్నయ్య మెల్లగా "గ్రీన్" అన్నాడు. నియమం ప్రకారం ఎవరో ఒకరు తిరిగి చెప్పాలి కదా అని నేనూ "గ్రీన్" అన్నాను. అన్నయ్య నావైపు చూడలేదు. ఆ మాట రావలసింది నానుంచి కాదు.