ఎర్ర మాత్రలు, తెల్ల చిగుళ్ళు

బుధవారం ఉదయం ఆరున్నరకు పరవాడలో బస్సు దిగాను. జూన్ నెల. గాలి లేదు. సైన్యంలో నర్సుగా పనిచేసి రిటైరైన నన్ను ఒక సెక్యూరిటీ సంస్థ కాపలా కుక్కల షెడ్డుకు ఇన్‌ఛార్జిగా వేసుకుంది. రేకుల కప్పు, సిమెంటు నేల. కంపు గేటు దగ్గరే తగిలింది.

ఐదు వారాల కుక్కపిల్లలు ఆరు. ఒకదాని పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళు సున్నంలా ఉన్నాయి. ఆరింటికీ అంతే. గిన్నెలో గంజి, దాని మీద ఈగలు.

"ఏం పెడుతున్నావు వీటికి?"

"పాలు, గంజి, బెల్లమమ్మా," అన్నాడు కుక్కల్ని చూసుకునే హ్యాండ్లర్. "రత్తం పడతాదని మేనేజర్‌గారు సెప్పేరు. బెల్లంలో ఐరనుంటాది కదా. అందులోనూ మన అనకాపల్లి బెల్లం!"

ఒక పిల్ల చెవి మడిచి చూపించాను. పిడుదులు ఆముదం గింజల్లా ఉబ్బి ఉన్నాయి.

"నువ్వు పట్టించే రక్తం వీటికి పడుతోంది."

"ఓలమ్మో! నాకన్నా బలిసున్నాయి."

వాకీటాకీలో మేనేజర్‌ని పిలిచి చెప్పాను. పశువుల డాక్టరు రావాలి, పిడుదులు పోవాలి, నులిపురుగుల మందు పడాలి. పాలలో ఇనుము చాలా తక్కువ. ఈ వయసులో ఉడికించిన మాంసం, కాస్త కార్జం అలవాటు చేయాలి.

"అంతెందుకండి మేడం, ఐరన్ మాత్రలేసీండి. శుక్రవారం పార్టీ వత్తన్నారు. తెల్ల సిగుళ్ళు సూత్తే కొనరు. ఓవర్."

"వద్దు. పరీక్ష లేకుండా ఇనుము వేయకూడదు. ఎక్కువైతే లోపల పేగులు కాలిపోతాయి. ఓవర్."

"రైటండి."

డాక్టరు మర్నాడు చూస్తానన్నారు. సాయంత్రం దాకా హ్యాండ్లరూ నేనూ పిడుదులు ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేశాం.

గురువారం ఏడింటికి వెళ్ళేసరికి నేలంతా వాంతులు. నల్లగా, నెత్తుటి చారలతో. మేనేజర్ భార్యకు కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చిన ఎర్ర ఐరన్ మాత్రలట. తెల్లారగానే మేనేజరే వచ్చి బెల్లం పాకంలో కలిపి తినిపించాడు.

"నాను వద్దంటానే ఉన్నానమ్మా," అన్నాడు హ్యాండ్లర్. "తీపి కదా, పోటీపడి తినేసేయి."

అన్నిటికన్నా చురుకైన పిల్ల ఎక్కువ తింది. అదే చచ్చిపోయింది. మిగిలిన ఐదింటినీ ఆటోలో డాక్టరు దగ్గర చేర్చాం. అవి గండం దాటేదాకా ఉండి, తాళాలు మేనేజర్ బల్ల మీద పడేసి అనకాపల్లి బస్సెక్కాను.

ఇంటికొచ్చినా నా కళ్ళ ముందు ఆడుతున్నది మేనేజర్ బొటనవేలు. ఆ ఉదయం దానితో చచ్చిన పిల్ల పెదవి ఎత్తి పట్టుకున్నాడు.

"మీరే సూడండి మేడం, సిగుళ్ళు ఎర్రగా వచ్చేయి కదండి."

దూదితో తుడిచాను. మాత్రల రంగు దూదికి వచ్చేసింది. అడుగున తెలుపే.