బురుజు కొలతలు

గురువుగారు పోయారని సోమవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఫిల్మ్ నగర్‌లో సెట్లు వేసిన పాతికేళ్ళలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళం చాలామందిమి. అందరిలోకీ నన్నే ఎక్కువ నమ్మారు. ఇప్పుడు ఆ నమ్మకమే గుచ్చుకుంటోంది.

ఒకసారి ఒక సినిమావాళ్ళు సరిహద్దు ఊళ్ళో కోటలాంటి ఇంటి సెట్ కావాలన్నారు. ఊహించి గీసే మనిషి కాదాయన. పూర్వం రెండు సంస్థానాల పొలిమేరలో ఉన్న ఒక ఊరికి నన్ను వెంటబెట్టుకు వెళ్ళారు. అక్కడ మూడంతస్తుల రాతి బురుజు. దోపిడి దండు వస్తే ఊరంతా పిల్లాజెల్లాతో అందులో దూరేదట. కింద తలుపే లేదు. రెండు నిలువుల ఎత్తున చిన్న గుమ్మం. నిచ్చెనతో ఎక్కి, ఆ నిచ్చెన లోపలికి లాగేసుకునేవారు. తుపాకీ కంతలు లోపల వెడల్పు, బయట సన్నం. నాలుగు రోజులు ఆయన ప్రతి రాతివరసా ముట్టుకుని కొలతలు చెప్పారు, నేను రాసుకున్నాను.

“తలుపు ఎక్కడ పెట్టారో చూడరా, వాళ్ళు దేనికి భయపడ్డారో తెలిసిపోతుంది” అన్నారు. నాకు చూడటం నేర్పింది ఆయనే.

తిరిగొచ్చి సెట్‌లో వేసిన అట్టగోడని కూడా అరచేత్తో తట్టి, “దీన్ని చూసి శత్రువు వెనక్కి పోతాడంటావా?” అని నవ్వేవారు.

సెట్ విప్పగానే డ్రాయింగులు చెత్తలో వేయడం మావాళ్ళ అలవాటు. ఆయన మాత్రం దాచారు. నేను మాదాపూర్‌లో గ్రాఫిక్స్ ఆఫీసులో చేరినప్పుడు ఆ బురుజు కొలతలున్న కాగితాల చుట్ట తెచ్చిచ్చి, “నీ కంప్యూటర్లో ఎక్కించరా, చెదలు పట్టకుండా ఉంటుంది” అన్నారు. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే ఆఫీసు మారింది. చుట్ట పాత కాగితాలతో పాటు పోయింది. ఆయనకు చెప్పలేదు.

కిందటి వానాకాలం బురుజు కూలింది. మళ్ళీ కట్టుకుంటామని ఊరివాళ్ళు ఆయన దగ్గరికి వచ్చారు. “కొలతలు మావాడి దగ్గర భద్రంగా ఉన్నాయండీ” అని మాటిచ్చారట. అప్పట్నుంచి వారానికోసారి నాకు ఫోన్. “వెతుకుతున్నా గురువుగారూ” అనేవాణ్ణి. కోప్పడినా బాగుండేది. “పని ఒత్తిడి కదరా, తీరిగ్గానే చూడు” అనేవారు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి, అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

సోమవారం గురువుగారి ఇంటికి ఆ ఊరి పెద్దాయన కూడా వచ్చాడు. నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచాడు.

“సారు పోయిండు. మీరున్నరు, గదే ధైర్యం. రాళ్ళన్నీ ఏరి ఒక్కకాడ పెట్టినం. ఏ రాయి ఏడ పెట్టాల్నో తెల్వక ఊరంత మీ కాగితాల కోసం చూస్తున్నది బిడ్డా.”

చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

“వచ్చే వారం పంపిస్తాను” అన్నాను.

పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.