దారం కట్టిన గుమ్మడికాయ

రెండువేల ఆరో సంవత్సరం. గద్వాల నుంచి రాజోలి దిక్కు పోయే తొవ్వల మా ఊరు. వానకాలమొస్తే ఊరంత సీడు పత్తే, కంపెనీకి విత్తనం కోసం పండించే పత్తి. మా ఇంటాయన పోయినంక నేను క్రాసింగ్ కూలికి పోయిన. పోంగ పోంగ ఆడోళ్ల ముఠాకు మేస్త్రినైన. చదువు రాదు నాకు. చేతులకు ఎరుకైన పనిని నోటితోని చెప్తున్న.

క్రాసింగ్ అంటే గిట్ల. పొద్దుమీకి, తెల్లారి విచ్చబోయే మొగ్గను పట్టుకొని గోరుతోని దాని రేకులు, మగ పొడి తీసేసి ఎర్ర కాయితం తొడుగుతం. పొద్దుగాల మగ చేనుకెల్లి పువ్వు తెచ్చి ఆ మొగ్గ నెత్తికి రుద్ది, గుర్తుకు దారం కడ్తం. దారం ఉన్న కాయదే విత్తనం. ఎక్కడిదో పొడి అంటితే కల్తీ. గింజలు మొలిపించి ఆ కల్తీని పట్టుకునే పరీక్షను జీవోటీ అంటరు. అది ఫెయిలైతే రైతు ఏడాది కష్టం మట్టిపాలు. అందుకే సీడు చేన్ల తేనెటీగ కనవడితే రైతుకు పామును చూసినట్టే.

నేను చేసేది ఒక పటేలు చేన్ల. గట్టు అవుతల మా ఆడబిడ్డ సాయమ్మ కౌలుకు గుమ్మడి పెట్టింది. సాయమ్మకు చూపు ఆనదు. మొగ్గ గిల్లే పని ఆమెతోని కాదు, గుమ్మడే దిక్కు. ఆమె పెనిమిటి పుణెల మట్టిపనికి పోయిండు. పోయేటప్పుడు, "గుమ్మడి పండితే నేను ఇంటికొస్త, పండకపోతే నువ్వే నా కాడికి రావాలె" అని చెప్పి పోయిండు. ఆ చూపుతోని, కట్టే బంగ్లాల మీద తట్ట ఎట్ల మోస్తది? మా ఆయన దిక్కు నాకు మిగిలింది ఆమె ఒక్కతే.

తీగ మంచిగ పారింది. పూలు విచ్చినయి. గప్పుడే పత్తిల పురుగు పడ్డదని పటేలు మందు కొట్టిచ్చిండు, మల్ల మల్ల కొట్టిచ్చిండు. పొద్దుగాల మేము పోయేసరికి సాళ్లల్ల తేనెటీగలు పడి ఉన్నయి. కొన్ని ఇంకా రెక్కలు కొట్టుకుంట ఉన్నకాడనే తిరుగుతున్నయి. చీమలు లాక్కపోతున్నయి.

"పురుగుకు కొడితే ఈగ గూడ పాయె. జీవోటీకి మంచిదే," అని పటేలు నవ్విండు.

కొన్నాళ్లకు సాయమ్మ రాలిన పిందెలు కొంగుల ఏసుకొచ్చింది. వేలంత పిందెలు, పసుపు పారినయి.

"చూడు వదినె, దిష్టి తాకినట్టుంది. నీళ్లు పెట్టిన, ఎరువేసిన. ఒక్కటి నిలుస్తలేదు."

నేను ఆమె చేన్లకు పోయి నిలవడ్డ. గుమ్మడి పూత మీదుంటే చేను గుయ్యిమని మోగుతది. ఆ పొద్దు ఏం సప్పుడు లేదు.

"దిష్టి గాదే పిల్లా. మగ పువ్వు పొడిని ఆడ పువ్వుకు మోసే ఈగ లేదు. పటేలు మందుకు సచ్చినయి."

సాయమ్మ గట్టు మీదికి పోయి పటేలును అడిగింది. "నా గుమ్మడికి వచ్చేటియి గూడ గవే ఈగలు గద పటేలా. పూత అయ్యేదాంక జర మందు ఆపు."

"నీ గుమ్మడి కోసం నా పత్తి పురుగులకు పెట్టాల్నా? నీ ఈగలను నువ్వు కట్టేసుకో."

ముఠాల కొందరు నవ్విన్రు. నాకు నవ్వు రాలె.

తెల్లారి కూలికి పోకముందు నేను గుమ్మడిల దిగిన. మగ పువ్వు తెంపి, రేకులు చించి, కింద పిందె ఉన్న ఆడ పువ్వుల పెట్టి రుద్దిన. సాయమ్మ పక్కన కూసున్నది.

"పెండ్లి చేస్తున్నవా వదినె? సుట్టాలెవరు రాలేదా?"

"ఈగ గూడ రాలె," అన్న.

చేతి అలవాటుకు తొడిమెకు దారం గూడ కట్టిన. "దారమెందుకు, గుమ్మడికి జీవోటీ చేస్తరా?" అని ఎక్కిరించింది. గని ఆ దారాలే ఆమెకు అక్కెరకొచ్చినయి. రోజూ తీగెంట తడుముకుంట పోయి, దారం చేతికి తాకితే ఆగి, పిందె ఎంత లావైందో వేళ్లతోని చూసుకునేది. దారం కట్టినయి నిలవబట్టె. కాయ నిలుస్తున్నదని పుణెకు ఫోన్ గూడ చేయించింది.

గంతల ఒక పొద్దు ఆర్గనైజర్ చేనుకొచ్చిండు. ఆర్గనైజర్ అంటే కంపెనీకి, రైతుకు నడుమ మనిషి. నా గోర్ల సందుల పసుపు పొడి చూసిండు.

"ఏందమ్మా ఇది?"

"గుమ్మడిది సారూ. కడుక్కున్న, పోలె. అయినా గుమ్మడి పొడి పత్తికి పడుతదా?"

"పడుతదో పడదో నాకెందుకు. బయటి పొడి అంటిన చెయ్యి నా సీడుల పెట్టొద్దు. ఆ చేన్ల దిగితే రేపటి నుంచి ఇటు రావద్దు. నువ్వే గాదు, నీ ముఠా గూడ."

నా ఎనుక ఆడోళ్లు నిలవడి ఉన్నరు. పొద్దుమీకి అందరిండ్లల్ల పొయ్యి అంటుకోవాలె. నేను మల్ల ఆ గట్టు దాటలె.

సాయమ్మ ఒక్కతే తడుముకుంట చేసింది. పిందెను తడిమి ఆడ పువ్వును పట్టేది, గని పొడి సరిగ్గ తాకాలె గద. పొద్దెక్కితే గుమ్మడి పువ్వు ముడుసుకపోతది. నేను ఇవుతల పత్తి పువ్వు రుద్దుకుంట, "నడుమకు పెట్టు సాయమ్మా, నడుమకు" అని మొత్తుకునేది. ఆమె రుద్దినయి నిలిచినయి తక్కువ, రాలినయి ఎక్కువ.

దసరా పోయినంక ఆమె పుణెకు మూట కట్టింది. పోయే పొద్దు ఒక గుమ్మడికాయ తెచ్చి నా గడప కాడ పెట్టింది.

"నువ్వు కట్టిందే వదినె. చూడు, దారం గట్లనే ఉన్నది."

తొడిమె లావైన కొద్ది దారం లోపలికి దిగింది. విప్పబోతే రాలె. నేను దాన్ని పట్టుకొని ఉండంగనే సాయమ్మ గద్వాల బస్సెక్కింది. మరుసటేడు ఆ చేను గూడ సీడు పత్తే అయింది. అండ్ల మొగ్గలు గిల్లింది నేనే.

ఇన్నేండ్ల పనిల నాకు తెలిసింది గిదే. ఈగ పని మేము కూలికి చేస్తుంటిమి, అందుకే ఈగలు సచ్చినా పత్తికి ఏం కాలె. అయింది గట్టు అవుతల చేనుకు. ఈగ ఎవరినీ అడగకుంటనే గట్టు దాటుతది. నేను దాటలేకపోతిని.